పంట పెరిగింది, జనం తగ్గారు: అయోవా కౌంటీల గురించి పాఠకుల ప్రశ్నలు

అమెరికాలోని మిడ్‌వెస్ట్ పల్లెల గురించి, ముఖ్యంగా అయోవా రాష్ట్రం గురించి, ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో చాలావరకు పిల్లలు ఉద్యోగరీత్యా అక్కడికి వెళ్ళిన తల్లిదండ్రులు రాసినవే. వాటిలో ఆరింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: అయోవాలో ఆడమ్స్ అనే కౌంటీ (మన జిల్లా వంటిది) మొత్తం జనాభా నాలుగు వేలు కూడా లేదని చదివి ఆశ్చర్యపోయాను. ఎంతో సారవంతమైనదని చెప్పుకొనే ఆ నేలమీద మనుషులు ఎందుకు నిలవడం లేదు? కరవులేమైనా వచ్చాయా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: కరవు వల్ల కాదండీ. పంట బాగా పండడం వల్లనే జనం తగ్గారంటే మీకు వింతగా తోచవచ్చు గాని, జరిగింది మాత్రం అదే. 1900 జనాభా లెక్కల్లో ఆడమ్స్ కౌంటీలో 13,601 మంది ఉండగా, 2020 లెక్కల్లో 3,704 మందే మిగిలారు. ఇదే కాలంలో అయోవాలో మొక్కజొన్న దిగుబడి ఎకరానికి సుమారు నలభై బుషెళ్ళ నుంచి రెండు వందల బుషెళ్ళకు పెరిగింది. 2024లో రాష్ట్ర సగటు 211 బుషెళ్ళు. మొక్కజొన్న లెక్కలో బుషెల్ అంటే 56 పౌండ్లు, అంటే పాతిక కిలోల పైమాట.

అక్కడి భూమిని మొదట కొలిచిన తీరులోనే పూర్వపు జనాభాకు లెక్క దొరుకుతుంది. 1785 నాటి చట్టం ప్రకారం భూమినంతా ఆరు మైళ్ళ చదరాలుగా గీసి, ఒక్కొక్క చదరాన్ని 36 సెక్షన్లు చేసి, 640 ఎకరాల సెక్షన్‌ను, అంటే ఒక చదరపు మైలును, మళ్ళీ నాలుగు ముక్కలు చేశారు. ఆ 160 ఎకరాల ముక్క ఒక కుటుంబం గుర్రాలతో దున్నుకోగలిగినంత కమతం. చదరపు మైలుకు నాలుగు కుటుంబాల చొప్పున, కుటుంబానికి ఐదారుగురు చొప్పున, సుమారు 425 చదరపు మైళ్ళున్న కౌంటీలో పొలాల మీదనే తొమ్మిది పదివేల మంది ఉంటారు; వారికి సరుకులు అమ్మేవారినీ, గుర్రాలకు లాడాలు కొట్టేవారినీ, బడిపంతుళ్ళనూ కలుపుకొంటే 1900 నాటి సంఖ్య దగ్గరకు వచ్చేస్తాము. ట్రాక్టరు, సంకరజాతి విత్తనం, రసాయనిక ఎరువు, కలుపు మందు ఒకదాని వెనుక ఒకటి వచ్చాక అదే కుటుంబం వెయ్యి ఎకరాలు కూడా చేయగలిగింది. 1950లో అయోవాలో రెండు లక్షలకు పైగా వ్యవసాయ కమతాలు ఉండేవి. 2022 వ్యవసాయ గణన నాటికి అవి దాదాపు 87 వేలకు తగ్గి, సగటు కమతం 345 ఎకరాలైంది. ఆ సగటులో ఇంటి చుట్టూ నాలుగెకరాలు ఉంచుకొని పట్నంలో ఉద్యోగం చేసేవారు కూడా కలిసి ఉన్నారు కాబట్టి, వ్యవసాయం మీదనే బతికే రైతు చేసే పొలం అంతకంటే చాలా ఎక్కువని గ్రహించాలి.

రైతులు తగ్గితే వారి మీద ఆధారపడ్డ ఊరు కూడా తగ్గుతుంది. మొదట ట్రాక్టర్ల అంగడి, తరువాత బట్టల కొట్టు, ఆ తరువాత మందుల షాపు మూతపడతాయి. చివరికి బడి వంతు వస్తుంది. ఆడమ్స్ కౌంటీకి ముఖ్యపట్టణమైన కార్నింగ్‌లో పదిహేను వందల పైచిలుకు జనం ఉన్నారు. ఇప్పుడు ఆ ఊరి పిల్లలు, పక్క కౌంటీలోని విలిస్కా పిల్లలు ఒకే హైస్కూలులో చదువుతున్నారు. అయోవాలో అమెరికన్ ఫుట్‌బాల్‌కు పదకొండు మంది దొరకని చిన్న బడుల కోసం ఎనిమిది మంది జట్ల పోటీలు విడిగా జరుపుతారు. ఒక బడి ఎనిమిది మంది జట్టుకు మారిందంటే, జనాభా లెక్కలు చూడకుండానే ఆ ఊరి స్థితి తెలిసిపోతుంది.

వయసు సంగతి కూడా చెప్పుకోవాలి. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లలు చదువు కోసం వెళ్ళి తిరిగి రాకపోవడంతో, బిడ్డలను కనే వయసువారే కరవై, ఏటా పుట్టేవారికంటే పోయేవారు ఎక్కువగా ఉంటున్నారు. రాష్ట్రం మొత్తం మీద మాత్రం జనాభా తగ్గలేదు. 2010, 2020 లెక్కల మధ్య అయోవాలోని 99 కౌంటీలలో దాదాపు మూడింట రెండు వంతులు జనాన్ని పోగొట్టుకోగా, రాజధాని డెమోయిన్‌ను ఆనుకొని ఉన్న డల్లాస్ కౌంటీ ఒక్కటే 66 వేల నుంచి దాదాపు లక్షకు పెరిగింది. పల్లె వదిలినవారిలో కొందరు గంట రెండు గంటల ప్రయాణం దూరంలోనే ఉన్నారన్నమాట.

ప్రశ్న: గ్రీన్ కార్డు ఉన్న మా అబ్బాయి అయోవాలో పొలం కొని కౌలుకు ఇస్తానంటున్నాడు. అక్కడ ఎకరా పదకొండు వేల డాలర్లు దాటిందట. అంత ధర పలికే భూమి ఉన్న కౌంటీలు దిగజారుతున్నాయంటే నమ్మశక్యంగా లేదు. కొనడం మంచిదేనా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ముందు చట్టం సంగతి చూద్దాం. అమెరికా పౌరులు గాని శాశ్వత నివాసులు గాని కానివారు అయోవాలో వ్యవసాయ భూమి కొనడాన్ని ఆ రాష్ట్ర చట్టం నిషేధిస్తుంది. మీ అబ్బాయికి గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఆ అడ్డు లేదు. హెచ్-1బి వీసా మీద ఉన్న స్నేహితులను భాగస్వాములుగా చేర్చుకొనే ఆలోచన ఉంటే మాత్రం న్యాయవాదిని అడగకుండా అడుగు వేయవద్దని చెప్పండి.

ఇక రాబడి. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం ఏటా జరిపే సర్వేల ప్రకారం 2024లో ఎకరా సగటు ధర 11,467 డాలర్లు, సగటు నగదు కౌలు 279 డాలర్లు. పెట్టుబడి మీద రెండున్నర శాతం కూడా రాదు. అందులోనే ఆస్తిపన్ను కట్టాలి. అప్పు తెచ్చి కొనేవారికి వడ్డీ కూడా గిట్టదు. కొనేవారు భూమి విలువ పెరుగుతుందన్న ఆశ మీదనే కొంటారు. ఆ ఆశ ఒకసారి ఎలా తలకిందులైందో అక్కడి పెద్దవారికి ఇంకా గుర్తుంది. 1970లలో ఎగుమతులు పెరిగి ధాన్యం ధరలు మండిపోయినప్పుడు, బ్యాంకులు పిలిచి అప్పులిచ్చాయి. రైతులు పక్క పొలాలు కొన్నారు. 1980 జనవరిలో అధ్యక్షుడు కార్టర్ సోవియట్ యూనియన్‌కు ధాన్యం ఎగుమతిని ఆపారు. ద్రవ్యోల్బణాన్ని అణచడానికి అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వు వడ్డీ రేట్లను పెంచడంతో ఆ ఏడాది చివరికి బ్యాంకుల ప్రధాన వడ్డీ రేటు 21 శాతం దాటింది. 1981లో 2,147 డాలర్లు పలికిన ఎకరా 1986 నాటికి 787 డాలర్లకు పడిపోయింది. అప్పు అంతే ఉంది, తాకట్టు విలువ మాత్రం మూడో వంతుకు దిగింది. ఇళ్ళ ముందు యంత్రాలను వేలం వేశారు. రైతులతో పాటు బ్యాంకులు కూడా మునిగాయి. 1985 డిసెంబరులో హిల్స్ అనే ఊరి పరిసరాల్లో అప్పులపాలైన ఒక రైతు తన భార్యను, బ్యాంకు అధ్యక్షుణ్ణి, పొరుగు రైతును కాల్చి చంపి తాను కూడా కాల్చుకొన్నాడు. రైతుల దివాలా కోసం దేశం ప్రత్యేక చట్టం చేసినది కూడా ఆ మరుసటి ఏడాదే.

భూమి ధరకూ ఊరి బాగుకూ సంబంధం ఎందుకు తెగిందన్నదే మీ ప్రశ్నలోని అసలు విషయం. అయోవా వ్యవసాయ భూమిలో సగానికి పైగా కౌలుకు నడుస్తోంది. 2022 నాటి యాజమాన్య సర్వేలో, మూడింట రెండు వంతుల భూమి 65 ఏళ్ళు నిండినవారి చేతుల్లో ఉందని, 84 శాతం భూమి మీద అప్పు లేదని తేలింది. అంటే ఆ భూమి ఎవరికీ అమ్ముకోవలసిన అవసరం లేని ఆస్తి. యజమాని పోయిన తరువాత అది చికాగోలోనో, ఫీనిక్స్‌లోనో స్థిరపడ్డ పిల్లలకు చేరుతుంది. కౌలు డబ్బు కూడా వారి వెంటే వెళుతుంది. పుట్టిన ఊళ్ళోనే సేద్యం చేద్దామనుకొనే పాతికేళ్ళ కుర్రవాడు పొలం కొనలేడు. కౌలుకు తీసుకోవాలన్నా, ఇప్పటికే మూడు నాలుగు వేల ఎకరాలు చేస్తూ కొత్త యంత్రాల ఖర్చు రాబట్టుకోవడానికి మరింత భూమి కోసం చూస్తున్న పెద్ద రైతుతో పోటీ పడాలి. మీ అబ్బాయి కూడా ఊళ్ళో ఉండని యజమానే అవుతాడు కదా. అది నేరమేమీ కాదు గాని, కౌంటీలు ఎందుకు దిగజారుతున్నాయన్న మీ సందేహానికి అది కూడా ఒక జవాబు.

కొన్న తరువాత గుర్తుంచుకోవలసిన తేదీలు రెండు ఉన్నాయి. కౌలు సంవత్సరం మార్చి 1న మొదలవుతుంది. కౌలుదారును మార్చదలిస్తే అంతకు ముందరి సెప్టెంబరు 1 లోగా లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ గడువు దాటితే పాత షరతుల మీదనే మరొక ఏడాది సాగుతుంది.

ప్రశ్న: మా అల్లుడు వైద్యుడు. అయోవాలోని ఒక చిన్న కౌంటీ ఆసుపత్రిలో మూడేళ్ళు పనిచేయడానికి ఒప్పందం చేసుకొన్నాడు. పాతిక పడకల ఆసుపత్రి అంటున్నారు. అంత చిన్న ఆసుపత్రి ఎలా నడుస్తుంది? అమ్మాయి అక్కడ ఎలా ఉండగలదన్నదే మా దిగులు.
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, అది పాతిక పడకలకు మించి ఉండకూడదన్న నియమం ప్రకారమే నడిచే ఆసుపత్రి. పల్లె ఆసుపత్రులు వరుసగా మూతపడుతుండగా, 1997లో చేసిన చట్టం కింద మారుమూల చిన్న ఆసుపత్రులకు ఒక ప్రత్యేక హోదా ఇచ్చారు. పడకలు ఇరవై ఐదుకు మించరాదు, రోగులను ఉంచే కాలం సగటున 96 గంటలు దాటరాదు, అత్యవసర విభాగం రాత్రింబవళ్ళు తెరిచి ఉండాలి; అందుకు బదులుగా వృద్ధుల ఆరోగ్య బీమా అయిన మెడికేర్, ఒక్కొక్క చికిత్సకు ఇంత అని కాకుండా, అయిన ఖర్చును లెక్కగట్టి చెల్లిస్తుంది. జనంలో ముసలివారు ఎక్కువగా ఉన్న కౌంటీకి ఈ ఏర్పాటు ప్రాణం పోసింది. చాలా కౌంటీలలో ఎక్కువ మందికి ఉద్యోగాలిచ్చేవి బడి, ఆసుపత్రి ఈ రెండే కాబట్టి ఆసుపత్రి మూతపడితే నర్సులు, వారి భర్తలు, బడిలోని వారి పిల్లలు అందరూ కదిలిపోతారు. ప్రసూతి విభాగాలు మాత్రం, కాన్పులు తగ్గి, రాత్రింబవళ్ళు సిబ్బందిని ఉంచే ఖర్చు భరించలేక, ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. మీ అమ్మాయికి ఆ అవసరం వచ్చే సూచన ఉంటే కాన్పు ఆసుపత్రి ఎంత దూరమో, దారిలో మంచు తుపాను వస్తే ఏం చేయాలో ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

మీ అల్లుడి మూడేళ్ళ ఒప్పందం బహుశా కాన్రాడ్ 30 అనే పథకం కిందిది అయి ఉంటుంది. జె-1 వీసా మీద శిక్షణ పొందిన విదేశీ వైద్యులు రెండేళ్ళు స్వదేశానికి వెళ్ళి రావాలన్న నియమం ఉంది. వైద్యుల కొరత ఉన్నట్టు గుర్తించిన ప్రాంతంలో మూడేళ్ళు పూర్తికాలం పనిచేస్తే దానినుంచి మినహాయింపు ఇస్తారు. ఒక్కొక్క రాష్ట్రానికి ఏడాదికి ముప్పై మందికి మాత్రమే ఆ అవకాశం. ఈ మినహాయింపు గ్రీన్ కార్డు కాదు. ఆ వరుస వేరే, భారతీయులకు అది చాలా పొడవైనది. మూడేళ్ళు ముగియగానే వైద్యుడు నగరానికి వెళ్ళిపోవడం, కౌంటీ మళ్ళీ వెతుకులాట మొదలుపెట్టడం అక్కడివారికి అలవాటైపోయింది. అందువల్ల కొత్త వైద్యుడి కుటుంబాన్ని ఊరు ఎంతో ఆదరంగా చూసుకొంటుంది, కొంచెం ఆశతోనూ చూస్తుంది.

అమ్మాయి సంగతికి వస్తే, కారు నడపడం రాకపోతే వెళ్ళేలోగా నేర్చుకోమనండి. బస్సులు ఉండవు. నవంబరు నుంచి మార్చి దాకా చలి, మంచు. మైలుకొకటి చొప్పున గళ్ళు గీసినట్టుండే కంకర రోడ్లమీద ఎదురొచ్చిన ప్రతి డ్రైవరూ స్టీరింగు మీది నుంచి రెండు వేళ్ళు ఎత్తి పలకరిస్తాడు. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆటకు, చర్చిలో అందరూ ఇంటినుంచి తలొక వంటకం తెచ్చే విందుకు, వేసవిలో పిల్లలు తాము పెంచిన దూడలను, పందులను తెచ్చి ప్రదర్శించే కౌంటీ తిరునాళ్ళకు పిలుస్తారు. మొదటి పిలుపులకే వెళితే సగం ఒంటరితనం తీరుతుంది. నిన్న మీ అమ్మాయి కొట్లో ఏం కొన్నదో ఇవాళ ఆసుపత్రిలో మీ అల్లుణ్ణి అడుగుతారు. దాన్ని కొందరు ఆప్యాయత అనుకొంటారు, కొందరు ఊపిరాడనివ్వడం లేదనుకొంటారు. ఆలయానికి వెళ్ళాలంటే డెమోయిన్‌కు ఉత్తరాన మ్యాడ్రిడ్ అనే చిన్న ఊరి దగ్గర హిందూ దేవాలయం ఉంది.

ప్రశ్న: మా కుటుంబం పూర్తి శాకాహారం. అక్కడ బయట తినడానికి ఏమైనా దొరుకుతుందా?
— ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: చిన్న ఊళ్ళలో చాలాచోట్ల హోటల్ అంటే పెట్రోలు బంకే. 1968లో అయోవాలోని బూన్‌లో మొదలైన కేసీస్ అనే బంకుల సంస్థ పిజ్జాలు కూడా చేసి అమ్ముతుంది, అవి నిజంగానే బాగుంటాయి. జున్ను పిజ్జా దొరుకుతుంది. పప్పులు, మసాలాలు మాత్రం నగరానికి వెళ్ళినప్పుడు నెలకు సరిపడా తెచ్చుకోవలసిందే.

ప్రశ్న: మా అమ్మాయివాళ్ళు ఊరి వెలుపల బావి ఉన్న ఇంట్లో అద్దెకు దిగారు. నెలల పసిబిడ్డ ఉన్నాడు. ఆ నీళ్ళు తాగవచ్చా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పరీక్ష చేయించకుండా బిడ్డకు పట్టవద్దు. అయోవాలో మొక్కజొన్నకు వేసే నత్రజని ఎరువు, పందుల షెడ్ల నుంచి పొలాలకు తోలే పెంట వాననీటితో కలిసి దిగి, నైట్రేటుగా బావుల్లోకి, వాగుల్లోకి చేరుతుంది. ఒకప్పుడు చిత్తడిగా ఉన్న నేలలను సేద్యానికి తేవడానికి భూమి అడుగున వేసిన గొట్టాలు దాన్ని మరింత వేగంగా నదుల్లోకి మోస్తాయి. తాగునీటిలో నైట్రేటు నత్రజని లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. అంతకు మించితే పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్ళు నీలంగా మారే ప్రమాదం ఉంది. ఆ నీళ్ళను కాచడం వల్ల లాభం లేదు, నీరు ఆవిరై నైట్రేటు ఇంకా చిక్కబడుతుంది. సొంత బావుల నీటిని పరీక్షించే పథకం కౌంటీ ఆరోగ్య శాఖ దగ్గర ఉంటుంది, ఫోను చేస్తే చెబుతారు. ఇది ఇళ్ళ సమస్య మాత్రమే కాదు: డెమోయిన్ నగర నీటి సంస్థ 2015లో ఎగువనున్న సాక్, బ్యూనావిస్టా, కాల్‌హూన్ కౌంటీలలో పొలాల అదనపు నీటిని బయటకు పంపే విభాగాల మీద దావా వేసింది; 2017లో కోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ దావాతో పల్లెలకూ నగరానికీ మధ్య పెరిగిన వైమనస్యం మాత్రం కోర్టు తీర్పుతో పోయేది కాదు.

ప్రశ్న: మిడ్‌వెస్ట్‌లో కొన్ని పల్లె పట్టణాలు వలస వచ్చినవారి వల్ల మళ్ళీ నిలదొక్కుకొన్నాయని విన్నాను. నిజమేనా? అలాగైతే ఆడమ్స్ వంటి కౌంటీలు కూడా ఆ దారి పట్టవచ్చు కదా?
— ఒక పరిశోధక విద్యార్థి, హైదరాబాదు

జవాబు: నిజమే. పక్కపక్కనే ఉన్న రెండు కౌంటీలను చూడండి. వాయవ్య అయోవాలోని బ్యూనావిస్టా, దాని తూర్పున ఉన్న పోకహాంటాస్, రెండింటిదీ ఒకటే నల్లమట్టి, అవే మొక్కజొన్న, సోయాబీన్ పంటలు. 1980లో పదకొండు వేల పైచిలుకు ఉన్న పోకహాంటాస్ 2020 నాటికి 7,078కి తగ్గింది. బ్యూనావిస్టాలో అప్పుడూ ఇప్పుడూ ఇరవై వేల పైచిలుకే. ఆ తేడాకు కారణం దాని ముఖ్యపట్టణమైన స్టార్మ్ లేక్‌లోని మాంసం కర్మాగారాలు. అక్కడి పాత పందిమాంసం కర్మాగారం 1981లో మూతపడగా, మరుసటి ఏడాది ఐబీపీ అనే సంస్థ దాన్ని తెరిచింది. 2001లో టైసన్ అనే మాంసం కంపెనీ ఆ సంస్థను కొన్నది. కొత్త జీతాలు పాత కార్మిక సంఘం సాధించిన జీతాలకంటే తక్కువ, పనివేగం ఎక్కువ. స్థానికులు వదిలిన ఆ పనికి మొదట లావోస్ నుంచి వచ్చిన శరణార్థులు, తరువాత మెక్సికో, మధ్య అమెరికా, పసిఫిక్ దీవుల వారు వచ్చారు. వియత్నాం యుద్ధం ముగిసిన 1975లో లావోస్ నుంచి వచ్చిన తాయ్ దామ్ అనే తెగ శరణార్థులను అయోవాకు రప్పించినది అప్పటి గవర్నరు రాబర్ట్ రే. ఆ దారి వెంబడే తరువాతివారు కూడా వచ్చారు. ఇప్పుడు బ్యూనావిస్టా జనాభాలో నాలుగో వంతుకు పైగా లాటిన్ అమెరికా మూలాలవారు. అక్కడ బడులు మూతపడడం లేదు, నిండిపోతున్నాయి. ఆ ఊరి చిన్న పత్రిక స్టార్మ్ లేక్ టైమ్స్, నీటి కాలుష్యం దావా విషయంలో వ్యవసాయ సంస్థలను ప్రశ్నిస్తూ రాసిన సంపాదకీయాలకు 2017లో పులిట్జర్ బహుమతి పొందింది.

ఈ మార్పును కేవలం ఆశాజనకమైన కథగా చెప్పడం నాకు ఇష్టం లేదు. కత్తి పట్టుకొని రోజంతా ఒకే కోత కోసేవారి మణికట్లు, భుజాలు త్వరగా పాడవుతాయి. ఊరు ఒకే కర్మాగారం మీద, ఆ కర్మాగారం వీసా విధానాల మీద ఆధారపడి ఉండడం ఎంత ప్రమాదమో, 2008 మే 12న ఈశాన్య అయోవాలోని పోస్ట్‌విల్‌లో తెలిసింది. సుమారు 2,300 మంది ఉన్న ఆ ఊళ్ళో, మాంసం కర్మాగారం మీద వలస శాఖ ఏజెంట్లు దాడి చేసి, సరైన పత్రాలు లేవని ఒక్క రోజులో 389 మందిని అరెస్టు చేశారు. అదే ఏడాది కర్మాగార యాజమాన్యం దివాలా తీసింది, అద్దె ఇళ్ళు ఖాళీ అయ్యాయి, వాటి మీద ఆధారపడ్డ కొట్లు కూడా పోయాయి.

ఇక ఆడమ్స్ సంగతి. పందులు అయోవాలో మనిషికి ఏడు చొప్పున ఉన్నాయి కాబట్టి సరుకుకు లోటు లేదు. కాని అటువంటి కర్మాగారానికి వేయి, రెండు వేల మంది పనివారు కావాలి, వారికి ఇళ్ళు కావాలి, రోజూ లక్షల గ్యాలన్ల నీరు కావాలి, ఆ మురుగును శుద్ధిచేసే ఏర్పాటు కావాలి. 3,704 మంది ఉన్న కౌంటీ అంత బరువు ఎత్తుకోలేదు. నైరుతి అయోవాకు వచ్చిన కొత్త రాబడి గాలిమరలది. 2023లో అయోవాలో తయారైన విద్యుత్తులో దాదాపు అరవై శాతం గాలి నుంచి వచ్చిందే. మర నిలిపిన పొలం యజమానికి ఏటా అద్దె, కౌంటీకి ఆస్తిపన్ను వస్తాయి. ఆ పన్నుతో వంతెనలు బాగుచేయవచ్చు, బడి మరికొన్నేళ్ళు నడపవచ్చు. మరలు నిలపడానికి వచ్చిన కూలీలు మాత్రం పని కాగానే వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతారు. ఆ తరువాత వాటిని చూసుకోవడానికి కొద్దిమంది మెకానిక్కులు చాలు, వారిలో కొందరు పక్క కౌంటీ నుంచే వచ్చి పోతుంటారు.